గ్రౌండు తాళం మీ చేతిలో ఉంది, ఒక్క కాగితం అడిగి ఇవ్వండి

స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఆంధ్రప్రదేశ్, తెలంగాణ స్పోర్ట్స్ అథారిటీ అధికారులకు, రెండు రాష్ట్రాల్లోనూ పిల్లలకు క్యాంపులు, అకాడమీలు నడుపుతున్న నిర్వాహకులకు, కోచ్‌లకు,

నమస్కారం.

మార్చి సగానికి వస్తే ఎండలు ముదిరాయని బడులకు ఒంటిపూట పెడతాం. ఏప్రిల్ చివర్లో అసలు బడులే మూసేసి జూన్ రెండో వారం దాకా తెరవం. సరిగ్గా ఆ రోజుల్లోనే పిల్లల్ని గ్రౌండ్లలోకి దింపుతాం. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు. మన సమ్మర్ క్యాంపుల ముగింపు పోటీలు, సర్టిఫికెట్లు పంచే సభలు అన్నీ పడేది ఆ కార్తెలోనే. సెలవులు అప్పుడే ఉంటాయి కాబట్టి వేరే దారి లేదని నాకూ తెలుసు. ప్రభుత్వ బడిలో పీఈటీగా పనిచేసి రిటైరైన వాణ్ని, మే నెల క్యాంపుల్లో విజిల్ ఊదినవాణ్ని. క్యాంపులు ఆపమని ఈ ఉత్తరం రాయడం లేదు. ఇంకా పెరగాలి, మండలానికొకటి ఉండాలి అనుకునేవాళ్లలో నేనూ ఒకణ్ని.

నేను అడిగేది ఒక్కటే. పిల్లల క్యాంపుకో అకాడమీకో మీ స్టేడియం, మున్సిపాలిటీ గ్రౌండు, బడి మైదానం ఇచ్చే ముందు ఒక కాగితం అడగండి. అందులో ఏముండాలో చివర్లో చెప్తాను. ఎందుకు ఉండాలో ముందు చెప్పనివ్వండి.

ఈమధ్య ఊళ్లలో అకాడమీ పెట్టడం చాలా తేలికైంది. ఒక ఖాళీ స్థలం, చుట్టూ నెట్, నాలుగు ఫ్లడ్ లైట్లు, గేటు మీద పేరున్న ఆటగాడి బొమ్మతో ఫ్లెక్సీ ఉంటే చాలు. తల్లిదండ్రులు వచ్చి ఫీజెంత, టైమింగ్స్ ఏంటి, కిట్ మనమే కొనాలా, మీ దగ్గర స్టేట్ ఆడినవాళ్లు ఎవరైనా ఉన్నారా అని అడుగుతారు. కోచ్ ఎక్కడ నేర్చుకున్నాడు, పటియాలాలోని జాతీయ క్రీడా సంస్థలో ఎన్ఐఎస్ డిప్లొమా చేశాడా, కనీసం అక్కడి ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సైనా చేశాడా, ఇంతకుముందు ఏ ఊళ్లో పనిచేశాడు, అక్కడ ఎందుకు మానేశాడు అని అడిగినవాళ్లను నేను చూడలేదు. వాళ్లను తప్పుపట్టను. అంత పెద్ద గేటు లోపల ఎవరో ఒకరు ఇవన్నీ చూసే ఉంటారని వాళ్ల నమ్మకం. ఆ ఎవరో ఒకరు మీరే అవ్వాలి, కానీ మీ దాకా ఆ కాగితమే రాదు. సెంటర్లో బజ్జీల బండి పెట్టుకునేవాడు కూడా ఆహార భద్రత కింద రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. నలభై మంది పిల్లల్ని రోజుకు రెండు గంటలు తన అధీనంలో పెట్టుకునే మనిషి దగ్గర ఏ కాగితం ఉందో అడిగే నాథుడు లేడు.

నిజానికి అడగమని చట్టం ఎప్పుడో చెప్పింది. పిల్లలపై లైంగిక నేరాలకు సంబంధించిన పోక్సో చట్టం 2012లో వచ్చింది. దాని కింద 2020 మార్చిలో కొత్త నిబంధనలు వచ్చాయి. పిల్లలతో తరచూ సంబంధం ఉండే ప్రతి సంస్థా తన సిబ్బంది గురించి పోలీస్ వెరిఫికేషన్ చేయించాలని, అది ఒకసారితో ఆపకుండా కొంతకాలానికోసారి మళ్లీ చేయించాలని వాటిలో రాశారు. పర్మినెంటైనా కాంట్రాక్టైనా, పాఠం చెప్పే మనిషైనా చెప్పని మనిషైనా మినహాయింపు లేదు. పిల్లల భద్రత గురించి సిబ్బందికి శిక్షణ కూడా ఇప్పించాలి. అలాంటి సంస్థలు ఏవో చెప్పేచోట బడులు, శిశు సంరక్షణ కేంద్రాల పక్కనే స్పోర్ట్స్ అకాడమీలు అని పేరుపెట్టి మరీ రాశారు. అంటే గ్రౌండ్‌మన్, వాచ్‌మన్, పిల్లల్ని ఎక్కించుకొచ్చే వ్యాన్ డ్రైవర్ అందరూ దీని కిందికే వస్తారు. ఈ నిబంధన ఉందని తెలిసిన అకాడమీ యజమానులు మీ జిల్లాలో ఎంతమంది ఉన్నారో ఒక మీటింగ్ పెట్టి చేతులెత్తమనండి, మీకే తెలుస్తుంది.

ఏదైనా జరిగితే ఏం చేయాలో కూడా అదే చట్టంలో ఉంది. పిల్లల మీద అలాంటి నేరం జరిగిందని తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలని 19వ సెక్షన్. తన కింద పనిచేసే మనిషి చేసిన నేరాన్ని దాచిపెట్టిన సంస్థ పెద్దకు ఏడాది దాకా జైలు శిక్ష పడొచ్చని 21వ సెక్షన్. మన దగ్గర జరిగేది ఏమిటో మీకు తెలియంది కాదు. పిల్ల పరువు, ఇంటి పరువు, అకాడమీ పేరు, రేపటి సెలక్షన్స్ అంటూ నలుగురు పెద్దమనుషులు కూర్చుని లోపల్లోపల సర్దేస్తారు. ఆ కోచ్‌ను పంపించేస్తారు. అతను ఇంకో ఊళ్లో ఇంకో ఫ్లెక్సీ కట్టుకుంటాడు. అందుకే ఇంతకుముందు ఎక్కడ పనిచేశాడు అన్న ప్రశ్న ముఖ్యం.

పోలీస్ వెరిఫికేషన్ ఒక్కటే సరిపోదు. ఎవరూ ఫిర్యాదు చేయని మనిషి రికార్డు ఎప్పుడూ తెల్లగానే ఉంటుంది. అమెరికా జిమ్నాస్టిక్స్ జట్టుకు డాక్టర్‌గా ఉన్న ల్యారీ నాసర్ ఏళ్ల తరబడి చికిత్స పేరుతో ఆడపిల్లల మీద అఘాయిత్యం చేశాడు, కొన్నిసార్లు తల్లిదండ్రులు అదే గదిలో ఉండగానే. 2018లో అతనికి శిక్ష పడింది. అదే ఏడాది ఆ దేశం క్రీడల్లో పిల్లల రక్షణకు ప్రత్యేక చట్టం తెచ్చింది. అక్కడ ఇప్పుడు పాటించే పద్ధతిలో నాకు బాగా నచ్చింది చాలా చిన్నది. ఒక పెద్ద మనిషి, ఒక పిల్ల ఎవరికీ కనపడని చోట ఇద్దరే ఉండకూడదు. మాట్లాడాల్సి వస్తే తలుపు తీసి పెట్టి, నలుగురికీ కనపడేచోట మాట్లాడాలి. దీనికి పైసా ఖర్చు లేదు. దీనికే మన ఊళ్లకు తగ్గట్టు ఇంకో రెండు కలపొచ్చు. కోచ్ పిల్లలకు విడిగా వాట్సాప్ మెసేజ్‌లు పెట్టకూడదు, ఏదున్నా తల్లిదండ్రులు ఉన్న గ్రూపులోనే పెట్టాలి. తిమ్మిరి పట్టిందనో కండరం పట్టేసిందనో ఒళ్లు పట్టాల్సి వస్తే గ్రౌండ్ పక్కనే, అందరి ముందే పట్టాలి. ఇలా చేస్తే మంచి కోచ్‌కు నష్టం లేదు, అతని మీద అనవసరమైన మాట పడకుండా కూడా ఉంటుంది.

2023 జనవరిలో మన రెజ్లర్లు ఢిల్లీ జంతర్ మంతర్ దగ్గర కూర్చున్నారు. వినేశ్ ఫొగాట్, సాక్షి మలిక్ లాంటివాళ్లు, దేశానికి పతకాలు తెచ్చినవాళ్లు, లైంగిక వేధింపుల గురించి తమ మాట వినండని రోడ్డెక్కారు. వాళ్లకే అలా ఉంటే, ఏడో తరగతి చదివే పిల్ల తన కష్టం ఎవరికి చెప్పుకుంటుంది? 2025లో పార్లమెంటు జాతీయ క్రీడా పరిపాలన చట్టం చేసింది, అందులో మహిళా క్రీడాకారులకు, మైనర్లకు సురక్షిత క్రీడా విధానం గురించి ఉంది. సంతోషం. అది ప్రధానంగా జాతీయ స్థాయి సంఘాల కోసం. ఢిల్లీ చట్టం గల్లీ గ్రౌండుకు దిగి రావాలంటే మధ్యలో ఉన్నది మీరే. కనీసం ప్రతి క్యాంపు గేటు దగ్గర పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబరు పిల్లల కంటికి అందే ఎత్తులో రాయించండి. ఫ్లెక్సీ మీద అతిథుల ఫొటోలకు దొరికే చోటు ఆ నాలుగు అంకెలకు దొరకదా?

ఇక కొట్టడం గురించి. విద్యాహక్కు చట్టం వచ్చాక బడిలో బెత్తం చాలావరకు పోయింది. గ్రౌండులో అది విజిల్ తాడుగా మిగిలింది. తాడును రెండు మడతలు వేసి పిక్కల మీద కొట్టే కోచ్‌లు ఇప్పటికీ ఉన్నారు. పక్కన కూర్చున్న నాన్న కూడా ఇంకో రెండు తగిలించండి సార్ అంటాడు. తన అధీనంలో ఉన్న పిల్లల్ని అనవసరంగా శారీరకంగా, మానసికంగా బాధపెడితే జువెనైల్ జస్టిస్ చట్టం 75వ సెక్షన్ కింద అది నేరం. పిల్లల బాధ్యత తీసుకున్న సంస్థలో పనిచేసేవాళ్లు చేస్తే శిక్ష ఇంకా ఎక్కువ. ఆలస్యంగా వస్తే గ్రౌండ్ చుట్టూ పది రౌండ్లు అనే శిక్ష కూడా నాకు ఎప్పుడూ అర్థం కాలేదు. పరుగెత్తడం మంచిదని నేర్పాల్సిన చోట పరుగునే శిక్షగా వేస్తే, ఆ పిల్లవాడు పెద్దయ్యాక ఇష్టంగా పరుగెత్తుతాడా?

ఎండ దగ్గరికి వస్తాను. ఇది చాలామంది చిన్న విషయం అనుకుంటారు కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ఏసీ గదిలోంచో, ఇంట్లో టీవీ ముందునుంచో లేచి వచ్చిన పిల్లవాడి ఒళ్లు ఎండకు అలవాటు పడటానికి వారం పది రోజులు, ఒక్కోసారి రెండు వారాలు పడుతుంది. మనం మొదటిరోజే పూర్తి ప్రాక్టీస్ పెట్టేస్తాం. ఫీజు కట్టారు కదా, పిల్లవాడు ఇంటికి వెళ్లేసరికి అలసిపోయి కనపడకపోతే వాళ్లమ్మ ఏమనుకుంటుందో అని కోచ్‌కు టెన్షన్. మొదటి వారం సగం టైమే ఆడించాలి, మధ్యమధ్యలో నీడలో కూర్చోబెట్టాలి. ఉదయం ఎనిమిదికల్లా గ్రౌండ్ ఖాళీ చేయాలి. సాయంత్రం నాలుగింటికి సింథటిక్ టర్ఫ్ మీద పిల్లల్ని దింపేవాళ్లు ఒకసారి అరచెయ్యి ఆ టర్ఫ్ మీద పెట్టి చూడాలి. మట్టి నేలకన్నా, గడ్డికన్నా అది చాలా ఎక్కువ వేడెక్కుతుంది. ఇండోర్ అయితే హాయి అనుకోవద్దు. రేకుల షెడ్డులో షటిల్ గాలికి పక్కకు పోతోందని కిటికీలు మూసి, ఫ్యాన్లు ఆపి ఆడిస్తారు. బయట రోడ్డు మీదకన్నా ఆ షెడ్డులోనే ఎక్కువ ఉక్కపోత. విజయవాడ 38 డిగ్రీలను రామగుండం 44తో పోల్చి తక్కువే కదా అనుకోవడం కూడా పొరపాటే. గాలిలో తేమ ఎక్కువున్నచోట చెమట ఆరదు, చెమట ఆరకపోతే ఒళ్లు చల్లబడదు.

నీళ్లు తాగితే కడుపు పట్టేస్తుందని ప్రాక్టీస్ అయ్యేదాకా బాటిల్ ముట్టనివ్వని కోచ్‌లు ఇంకా ఉన్నారు. దాహం వేసినా వెయ్యకపోయినా పదిహేను, ఇరవై నిమిషాలకోసారి ఆట ఆపి నీళ్లు తాగించాలి. ఓఆర్ఎస్ పేరుతో దుకాణాల్లో అమ్మిన తియ్యటి డ్రింకుల సంగతి మీరు చదివే ఉంటారు. హైదరాబాద్‌లో పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడితే, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములాకు సరిపోని డ్రింకుల మీద ఆ పేరు వాడకూడదని 2025 అక్టోబర్‌లో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది. క్యాంపుల్లో పంచే ప్యాకెట్ ఏదో కూడా ఎవరో ఒకరు చదివి చూడాలి. ఉప్పు వేసిన మజ్జిగ అంతకన్నా మేలు.

వడదెబ్బ గుర్తులు కోచ్‌కు నోటికి రావాలి. పిల్లవాడు తడబడుతూ నడుస్తున్నా, ఉన్నట్టుండి చిరాకు పడుతున్నా, అడిగిన దానికి పొంతన లేని జవాబు చెప్తున్నా అది నాటకం కాదు, ప్రాణం మీదికి వచ్చిందని అర్థం. అలాంటప్పుడు జేబులో ఉల్లిపాయ పెట్టడం, ముఖం మీద నీళ్లు చిలకరించి బైక్ మీద మధ్యలో కూర్చోబెట్టుకుని ఆసుపత్రికి పరుగెత్తడం మనకు అలవాటు. ముందు అక్కడికక్కడే చల్లబరచాలి. నీళ్ల తొట్టి ఉంటే, తల పైనుండేలా పట్టుకుని మెడదాకా అందులో కూర్చోబెట్టాలి. లేకపోతే ఒళ్లంతా తడిపి, మెడ దగ్గర, చంకల్లో, గజ్జల్లో ఐస్ పెట్టి విసరాలి. అది చేస్తూనే ఇంకొకరు 108కి ఫోన్ చేయాలి. గ్రౌండుకో ప్లాస్టిక్ తొట్టి, పక్క సోడా షాపులో ఐసు, ఇవి కొనలేని అకాడమీ లేదు.

దెబ్బల విషయానికొస్తే, 2025 నవంబర్‌లో హరియాణాలోని రోహ్‌తక్ జిల్లాలో జరిగింది మీరంతా వీడియోలో చూశారు. పదహారేళ్ల కుర్రాడు, జాతీయ స్థాయి ఆటగాడు, ఒంటరిగా ప్రాక్టీస్ చేసుకుంటూ బాస్కెట్‌బాల్ రింగు పట్టుకోగానే పోలు మొత్తం విరిగి అతని గుండెల మీద పడింది. బతకలేదు. ఆ వార్త చూశాక నేను మా పట్టణంలో రెండు మూడు గ్రౌండ్లు తిరిగాను. పోల్‌కు పైనుంచి కిందిదాకా సిల్వర్ పెయింట్ నిగనిగలాడుతోంది. అడుగున కాంక్రీటులో దిగే చోట, వాన నీళ్లు నిలిచే ఆ జానెడు మేర, గోటితో గీకితే పెయింట్ పొరలా లేచి వచ్చింది. దాని కింద ఇనుము గోధుమరంగు పొడిగా రాలింది. జనవరి 26కు ముందు పెయింట్ వేశారట. పెయింట్ వేసిన మనిషికి ఆ తుప్పు కనపడే ఉంటుంది. అతనికి చెప్పిన పని పెయింట్ వేయడం, చూడటం కాదు. సుత్తితో అడుగున కొట్టి చూస్తే తెలుస్తుంది. కణకణమని మోగితే సరే, మొద్దు శబ్దం వచ్చి పెచ్చులు రాలితే చుట్టూ తాడు కట్టి పిల్లల్ని దగ్గరికి రానివ్వకూడదు. వాలీబాల్ స్తంభాలు, నేలలో బిగించని ఫుట్‌బాల్ గోల్ పోస్టులు కూడా ఇదే లెక్క.

స్విమ్మింగ్ పూల్ గురించి రెండు మాటలు. నీళ్లలో మునిగేవాడు సినిమాలోలా చేతులు ఊపి కేకలు వేయడు, చప్పుడు లేకుండా మునుగుతాడు. నేర్పే కోచ్ పది మందిని చూస్తూ పదకొండోవాణ్ని చూడలేడు. అందుకే గట్టు మీద కూర్చుని చూడటం తప్ప వేరే పని లేని లైఫ్‌గార్డ్ విడిగా ఉండాలి, ఆ మనిషి చేతిలో ఫోన్ ఉండకూడదు. బ్యాచ్ దిగేటప్పుడు, ఎక్కేటప్పుడు తలలు లెక్కపెట్టాలి. బయటికి తీశాక కడుపు నొక్కి నీళ్లు కక్కించడం, కాళ్లు పట్టుకుని తిప్పడం మన పాత అలవాటు, అది టైమ్ తినేస్తుంది. ఊపిరి లేకపోతే నోట్లోకి ఊపిరి ఊదుతూ, ఛాతీ నొక్కుతూ సీపీఆర్ మొదలుపెట్టాలి. సీపీఆర్ రాని మనిషిని పూల్ దగ్గర ఉద్యోగంలో పెట్టనే కూడదు.

తల దెబ్బలది మరో కథ. కబడ్డీలో తలలు గుద్దుకుని కళ్లు తిరిగితే ముఖం మీద నీళ్లు కొట్టి, వేళ్లు చూపించి ఎన్ని అని అడిగి, మళ్లీ దింపేస్తారు. తల అదిరిందని అనుమానం వచ్చిందంటే ఆ రోజు ఆట అయిపోయినట్టే. డాక్టర్ సరే అనేదాకా దింపకూడదు, ఫైనలైనా సరే. క్రికెట్ నెట్స్‌లో హెల్మెట్ ఉంటే చాలని కూడా అనుకోవద్దు. 2025 అక్టోబర్‌లో మెల్‌బోర్న్‌లో ప్రాక్టీస్ చేస్తున్న పదిహేడేళ్ల కుర్రాడు మెడకు బంతి తగిలి చనిపోయాడు. హెల్మెట్ ఉంది, మెడను కాచే గార్డు లేదు.

ఇదంతా పిల్లలు ప్రాణాలతో, క్షేమంగా ఇంటికి చేరడం గురించి. వాళ్లు మళ్లీ వారం కూడా ఇష్టంగా రావడం ఇంకో సంగతి. నా ఉద్యోగమంతా చూసింది ఇదే: ఆరో తరగతిలో గ్రౌండ్ నిండా ఉండే పిల్లలు తొమ్మిదికి వచ్చేసరికి పల్చబడతారు, పదిలో ఖాళీ. కార్పొరేట్ కాలేజీలను తిట్టుకుంటాం, అందులో నిజం ఉంది. కానీ సగం మందిని మనమే తరిమేస్తాం. వారంలో ఏడు రోజులు, పొద్దున, సాయంత్రం, అదే ఆట, అదే డ్రిల్. ఐఐటీ ఫౌండేషన్ బ్యాచ్ పద్ధతి గ్రౌండులోకి కూడా వచ్చేసింది. అమెరికా పిల్లల వైద్యుల సంఘం వారానికి ఒకటి రెండు రోజులు, ఏడాదిలో మొత్తం మీద మూడు నెలలు ఆ ఆట నుంచి విరామం ఇవ్వమంటుంది. వారానికి ఎన్ని గంటలు అనేదానికి నిపుణులు చెప్పే ఒక తేలిక లెక్క కూడా ఉంది: పిల్లవాడి వయసు ఎంతో అంతకన్నా ఎక్కువ గంటలు వద్దు. పదేళ్ల పిల్లకు వారానికి పది గంటలు. ఈ లెక్కన మన అకాడమీల్లో ఎన్ని నిలబడతాయో మీరే చూడండి. నెట్స్‌లో వేగంగా వేసే పన్నెండేళ్ల బౌలర్ దొరికాడంటే వాడి చేత పొద్దుటంతా వేయిస్తూనే ఉంటారు. ఇంగ్లండ్ క్రికెట్ బోర్డు పదమూడేళ్ల లోపు ఫాస్ట్ బౌలర్లకు ఒక స్పెల్‌లో 5 ఓవర్లు, రోజుకు 10 అని హద్దు పెట్టింది. ఎముకలు ఇంకా ముదరని వయసులో నడుము పోగొట్టుకుంటే ఆ వేగం ఎవరికి ఉపయోగం?

ఇలా మెత్తగా ఉంటే పతకాలు ఎలా వస్తాయని అడుగుతారు. నార్వే సంగతి చెప్తాను. అక్కడ పిల్లల క్రీడా హక్కులని 1987 నుంచి నియమాలున్నాయి. పదకొండేళ్లు వచ్చేదాకా ర్యాంకులు, పట్టికలు ప్రకటించరు. పదమూడేళ్లు వచ్చేదాకా జాతీయ ఛాంపియన్‌షిప్ ఉండదు. మన హైదరాబాద్ నగరం జనాభా కూడా లేని ఆ దేశం 2022 బీజింగ్ వింటర్ ఒలింపిక్స్‌లో 16 స్వర్ణాలతో మొదటి స్థానంలో నిలిచింది. మంచు దేశం కాబట్టి అంటారేమో. మంచు చాలా దేశాల్లో పడుతుంది.

అమెరికాలో జార్జ్ వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు ఫుట్‌బాల్ ఆడే పిల్లల్నే అడిగి ఆటలో సరదా దేనివల్ల వస్తుందో 81 కారణాలు రాబట్టారు. గెలవడం ఆ జాబితాలో పైన ఎక్కడా లేదు. శక్తి కొద్దీ ఆడటం, జట్టులో కలిసిమెలిసి ఉండటం, కోచ్ మంచిగా ఉండటం పైన ఉన్నాయి. మన పిల్లల్ని అడిగితే వేరేగా చెప్తారని నేను అనుకోను. క్యాంపు చివరి రోజు పిల్లల్నే నాలుగు ప్రశ్నలు అడిగి రాయించుకున్న అకాడమీ ఏదైనా ఉంటే దానికి మీ వైపునుంచి అవార్డు ఇవ్వండి, ట్రోఫీలు లెక్కపెట్టి కాదు.

ఈ మాట తల్లిదండ్రులకూ వర్తిస్తుంది. పుల్లెల గోపీచంద్ అంతటివాడే 2025లో, డబ్బున్న కుటుంబమో వ్యాపారమో వెనక లేకపోతే పిల్లల్ని ఆటను కెరీర్‌గా ఎంచుకోనివ్వొద్దని తల్లిదండ్రులకు చెప్తానన్నాడు. ఆయన మాటతో అందరూ ఏకీభవించక్కర్లేదు. కానీ ప్రతి పిల్లా సింధు అవ్వదు, అవ్వక్కర్లేదు. స్పోర్ట్స్ కోటాలో సీటు కోసమే గ్రౌండుకు పంపుతున్నవాళ్లు ఆ సంగతి పిల్లలకు ముందే చెప్తే కనీసం వాళ్లు మోసపోయామనుకోరు. ఇక వయసు తగ్గించిన సర్టిఫికెట్లతో ఆడించేవాళ్ల గురించి ఎంత తక్కువ రాస్తే అంత మంచిది. పదిహేనేళ్లవాడు పన్నెండేళ్ల పిల్లవాడి మీద పడితే విరిగేది ఎవరి చెయ్యో అందరికీ తెలుసు.

ఆడపిల్లలు మానేయడానికి మరో కారణం ఉంది, దాన్ని మగ కోచ్‌లు ఎవరూ పైకి చెప్పరు. గ్రౌండులో గడియపడే తలుపున్న టాయిలెట్ ఉండదు. నెలసరి రోజుల్లో తెల్ల నిక్కరు వేసుకు రమ్మంటారు. టోర్నమెంటుకు ఊరు వెళ్తే వెంట ఆడమనిషి ఉండదు. రాత్రి ఏ బడి గదిలో పడుకోబెడతారో తెలియదు. 2022 సెప్టెంబర్‌లో ఉత్తరప్రదేశ్ సహారన్‌పూర్‌లో కబడ్డీ ఆడటానికి వచ్చిన అమ్మాయిలకు వండిన అన్నం టాయిలెట్‌లో పెట్టిన వీడియో దేశమంతా చూసింది. మన దగ్గర అంత కాకపోవచ్చు. కానీ టోర్నమెంటుకు వెళ్లొచ్చిన అమ్మాయిని మ్యాచ్ గురించి అడిగే ముందు ఎక్కడ పడుకున్నారు, ఏం తిన్నారు అని అడగండి, జవాబు వినండి. అమ్మాయిలు వెళ్లే ఏ జట్టుకైనా వెంట మహిళా కోచో మేనేజరో లేకపోతే ఆ జట్టు బయల్దేరకూడదు.

ఇంకో మాట. మానసిక ఎదుగుదల తక్కువున్న పిల్లవాణ్నో, సరిగా మాటలు రాని పిల్లనో తీసుకుని ఏ తల్లైనా క్యాంపుకు వస్తే మనవాళ్లు మొహమాటంగా నవ్వి పంపించేస్తారు. వరంగల్ వైపు కల్లెడకు చెందిన దీప్తి జీవాంజి అలాంటి పిల్లే. ఊళ్లో ఎగతాళి పడ్డ ఆ అమ్మాయి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో కాంస్యం తెచ్చింది. పతకం తేకపోయినా ఆమెకు గ్రౌండులో ఆడే హక్కు ఉండేది. మీ క్యాంపు దరఖాస్తులో అలాంటి పిల్లల కోసం ఒక గడి ఉందా?

ఇప్పుడు ఆ కాగితం. ఒక్క పేజీ చాలు, తెలుగులో ఉండాలి. కోచ్‌లు, సహాయకులు, డ్రైవర్లు ఎవరెవరు, వాళ్ల పోలీస్ వెరిఫికేషన్ ఏ తేదీది, ఏ కోర్సు చేశారు, ఇంతకుముందు ఎక్కడ పనిచేశారు. గ్రౌండులో ఎవరికి సీపీఆర్, ఫస్ట్ ఎయిడ్ వచ్చు. దగ్గరి ఆసుపత్రి ఏది, అంబులెన్స్ లోపలికి రావడానికి ఏ గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుంది. పోల్స్, నెట్స్, పూల్ ఎప్పుడు చూశారు, చూసిందెవరు, సంతకం. ఫిర్యాదు ఎవరికి చెప్పాలి, ఆ మనిషి అకాడమీ యజమాని బంధువు కాకూడదు. ఇది నింపని వాళ్లకు గ్రౌండు ఇవ్వకండి. నింపిన కాగితాన్ని గేటు మీద అతికించమనండి, తల్లిదండ్రులే చదువుకుంటారు. సొంత స్థలంలో నడిపేవాళ్లకు గ్రౌండు మీరు ఇవ్వరు కాబట్టి వాళ్లకు ఇది వర్తించదేమో అనిపించొచ్చు. వాళ్ల పిల్లలు ఆడాల్సింది మీ టోర్నమెంట్లలోనే కదా, ఎంట్రీ ఫారంతో పాటు అదే కాగితం జత చేయమనండి. చిన్న ఊళ్లో ఫీజు తీసుకోకుండా పొద్దున్నే పిల్లలకు ఖోఖో నేర్పే యువకుడికి ఇది భారం కాకూడదు. అతనికి వెరిఫికేషన్ ఉచితంగా చేయించి, రెండు రోజుల ఫస్ట్ ఎయిడ్ శిక్షణ మండల స్థాయిలో మీరే ఇప్పించాలి. కాగితం పేరు చెప్పి అలాంటివాళ్లను వేధిస్తే ఈ ఉత్తరం రాసినందుకు నన్ను నేనే తిట్టుకోవాలి.

వేసవి శిక్షణ శిబిరాల ఉత్తర్వులు మార్చి, ఏప్రిల్‌లో మీ ఆఫీసుల నుంచి జిల్లాలకు వెళ్తాయి. ఆ ఫైలు కదిలే లోపే ఈ పేజీ అందులో చేరాలి. శిబిరం మొదలయ్యాక సర్క్యులర్ పంపితే అది నోటీసు బోర్డుకే పరిమితం. గ్రౌండ్లు తనిఖీ చేయడానికి మనుషుల్లేరని మీ జిల్లా అధికారులు అంటారు, అది నిజమే. రిటైరైన పీఈటీలు, పీడీలు ప్రతి మండలంలో ఉన్నాం. పొద్దున్నే ఎలాగూ ఏదో ఒక గ్రౌండు చుట్టూ వాకింగ్ చేస్తుంటాం. ఒక సుత్తి, ఒక ఫారం చేతికిస్తే చూసి రాసిస్తాం, టీఏ డీఏలు అడగం.

ఇట్లు,
రిటైర్డ్ వ్యాయామోపాధ్యాయుడు,
గుంటూరు జిల్లా